పెళ్లి విందు బొమ్మలో బ్రూగెల్ పల్లెవాళ్లను ఎగతాళి చేశాడా?

మహేంద్రగిరి నీడ (పర్లాకిమిడి) అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. ప్రశ్న కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మాది గజపతి జిల్లాలో పర్లాకిమిడి దగ్గర పల్లె. షాపుల బోర్డులు రాయడం, గోడల మీద ప్రకటనలు వేయడం నా పని, ఖాళీ దొరికితే సొంతంగా బొమ్మలు వేసుకుంటాను. ఈ ఏడు అమ్మవారి పండగకు ముందు కల్యాణ మండపం గోడ మీద ఏదైనా వేయమని ఊరి పెద్దలు అడిగారు. దేవుళ్ల బొమ్మలు ఎవరైనా వేస్తారు, నేను మన పండగ భోజనాలే వేస్తానన్నాను, సరే అన్నారు. పదకొండు రోజులు పట్టింది. ముందు మొదటి బంతిలో కూర్చున్నవాళ్లు, వాళ్ల మధ్య గుమ్మడికాయ పులుసు బకెట్‌తో పరిగెత్తే కుర్రాళ్లు, ఆకు ముందు కూర్చుని ఏడుస్తున్న గుంట, డప్పులు పక్కన పెట్టి చింతచెట్టు కింద పడుకున్న డప్పులవాళ్లు, వెనకాల కాగులు, పొగ. మొదటి బంతిలో సరిగ్గా మధ్యలో మా పెద్దమావయ్యను కూర్చోబెట్టాను. ముద్ద నోట్లో ఉంది, చెంప ఉబ్బింది, కళ్లు సగం మూసుకున్నాడు. ఆయన అన్నం తినేటప్పుడు నిజంగా అలాగే ఉంటాడు, చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని తినడం నాకు భలే ఇష్టం, అందుకే వేశాను.

ఆయన వచ్చి చూశాడు. చాలాసేపు నిలబడ్డాడు, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. ఇంటికెళ్లి అత్తతో "ఊరంతా చూసేలా నన్ను అక్కడ కూర్చోబెట్టాడు" అన్నాడట. నాలుగు రోజులైంది, నాతో మాట్లాడటం లేదు.

ఆ బొమ్మకు ముందు నేను ఫోన్‌లో ఎక్కువగా చూసింది నాలుగు వందల యాభై ఏళ్ల కిందటి ఫ్లాండర్స్ (ఇప్పటి బెల్జియం వైపు) చిత్రకారుడు పీటర్ బ్రూగెల్ వేసిన 'రైతు పెళ్లి', 'రైతుల నాట్యం'. ఆర్ట్ కాలేజీలో చదివిన ఫ్రెండ్‌కి జరిగింది చెబితే "అవి డబ్బున్నవాళ్లు పల్లెవాళ్లను చూసి నవ్వుకోవడానికి వేయించుకున్న బొమ్మలు, నువ్వు నేర్చుకున్నది ఆ వెటకారమే" అన్నాడు. ఆ మాట పట్టుకుని నిద్ర పట్టడం లేదు. నిజమేనా? నాకైతే ఆ బొమ్మల్లో వెటకారం ఎక్కడా కనబడలేదు. నాకు చూడటం రాలేదా? తెలిసినవాళ్లు చెప్పండి. పండగ ఇంకో తొమ్మిది రోజులుంది, చెరిపేయాలంటే ఇప్పుడే చెరిపేయాలి.

డ్రాయింగ్ మాస్టారు (బరంపురం):

తమ్ముడూ, తొందరపడి చెరపకండి.

మీ ఫ్రెండ్ అన్న మాట గాలిలోంచి పుట్టింది కాదు. 1970లలో దీని మీద పండితుల మధ్య గట్టి వాదనే జరిగింది. స్వెత్లానా ఆల్పర్స్ అనే ఆవిడ ఈ బొమ్మల్లో కనిపించేది పండగ సంబరం, నవ్వు అని రాస్తే, హెస్సెల్ మీడెమా అనే ఆయన కాదన్నాడు, తాగుడూ తిండిపోతుతనమూ ఎలా ఉంటాయో చూపించి బుద్ధి చెప్పడానికి అప్పట్లో రైతు బొమ్మను వాడుకునేవారన్నాడు. ఆయన మాటకూ ఆధారం ఉంది, బ్రూగెల్‌కు ముందు జర్మన్ చెక్క అచ్చుల్లో రైతు పండగ అంటే కక్కుకునేవాళ్లు, కొట్టుకునేవాళ్లు తప్పకుండా ఉండేవాళ్లు. ముప్పై ఏళ్లు పిల్లలకు డ్రాయింగ్ చెప్పినవాడిగా నా ఓటు మాత్రం ఆల్పర్స్‌కే. ఎందుకో చెబుతాను.

ముందు ఆ పండగల సంగతి. వాళ్ల ఊరి పండగను కెర్మిస్ అంటారు, చర్చిలో జరిగే పూజ పేరు మీదే వచ్చిన మాట. ఊరి చర్చి ఏ సెయింట్ పేరున ఉందో ఆ రోజున పూజ, ఊరేగింపు, ఆ తర్వాత సంత, తాగుడు, చిందులు. మన అమ్మవారి పండగ వరస తెలిసినవాడికి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఇవి పాలకులకు నచ్చేవి కావు. అప్పట్లో ఆ ప్రాంతాన్ని ఏలిన ఐదో చార్లెస్ చక్రవర్తి 1531లో కెర్మిస్ ఒక్క రోజుకు మించకూడదని ఆజ్ఞ వేశాడు. ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్లకో ఏమో, బ్రూగెల్ గీసిన సెయింట్ జార్జ్ కెర్మిస్ అచ్చుబొమ్మ ఆంట్వెర్ప్‌లో వచ్చింది, అందులో సత్రం జెండా మీద ఏం రాసుందో తెలుసా, 'రైతులను వాళ్ల కెర్మిస్ జరుపుకోనివ్వండి' అని. ఎగతాళి చేయాలనుకున్నవాడు ఆ జెండా ఎందుకు ఎగరేస్తాడు?

ఇక ఆయన ఎలా చూశాడన్నది. బ్రూగెల్ చనిపోయింది 1569లో. 1604లో కరెల్ వాన్ మాండర్ చిత్రకారుల జీవితాలు రాస్తూ చెప్పాడు: బ్రూగెల్, ఆయన స్నేహితుడు హాన్స్ ఫ్రాంకెర్ట్ అనే వ్యాపారి రైతుల బట్టలు కట్టుకుని పల్లె పెళ్లిళ్లకు, కెర్మిస్‌లకు వెళ్లేవారట, అందరిలాగే కానుకలు చదివించేవారట, పెళ్లికూతురి తరఫు అనో పెళ్లికొడుకు తరఫు అనో చెప్పుకునేవారట. ముప్పై అయిదేళ్ల తర్వాత రాసిన కథ, ప్రతి అక్షరం నమ్మక్కర్లేదు. బ్రూగెల్ చదువుకున్న పట్నం మనిషి, 1551లో ఆంట్వెర్ప్ చిత్రకారుల సంఘంలో చేరాడు, ఇటలీ వెళ్లొచ్చాడు, పటాలు గీసే అబ్రహాం ఓర్టెలియస్ ఆయనకు స్నేహితుడు. అయినా పెళ్లి బొమ్మ చూస్తే బంతి మధ్యలో కూర్చుని తిన్నవాడికే తెలిసే సంగతులు ఉన్నాయి, అది నేను ప్రమాణం చేసి చెప్పగలను.

బొమ్మ మళ్లీ తెరిచి చూడండి. అందరికంటే పెద్దగా, ముందుకు వచ్చి ఉన్నది ఎవరు? తినేవాళ్లు కాదు, వడ్డించేవాళ్లు. తలుపు రెక్క ఊడదీసి దాన్నే పళ్లెం చేసుకుని ఇద్దరు గిన్నెలు మోసుకొస్తున్నారు, వాళ్లలో ఒకడి టోపీకి చెంచా గుచ్చి ఉంది, తన వంతు వచ్చినప్పుడు తినడానికి. ఎడమ పక్కన ఒకడు పెద్ద కూజా వంచి చిన్న కూజాల్లోకి బీరు పోస్తున్నాడు, ఆ ధ్యాస చూడండి, చుక్క కింద పడకూడదు. మోసేవాళ్ల వీపు వంపులో బరువు తెలుస్తుంది. మనిషి పనిని ఇంత శ్రద్ధగా గమనించి గీసినవాడు ఆ మనిషిని చులకన చేస్తున్నాడంటే నా చెయ్యి ఒప్పుకోదు, నేను కూడా గీసినవాణ్నే కాబట్టి.

మా బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్రకు మొక్కుకున్నవాళ్లు పులి వేషాలు కడతారు, ఒళ్లంతా రంగు పూసుకుని. చిన్నప్పటి నుంచి వాటిని గీస్తున్నాను. మొదట్లో వేషమే గీసేవాణ్ని, ఎప్పటికోగాని వేషం లోపల అలిసిపోయిన మనిషి కనబడలేదు.

రాయగడ కుర్రాడు, ప్రస్తుతం వియన్నా:

మాస్టారికి నమస్కారం. మాది రాయగడ, మజ్జిగౌరి అమ్మవారి గుడికి దగ్గరే ఇల్లు. ఉద్యోగం కోసం వియన్నా వచ్చి నాలుగేళ్లయింది. ఈ బొమ్మ ఉన్నది ఇక్కడి కున్స్ట్‌హిస్టారిషెస్ మ్యూజియంలోనే. బ్రూగెల్ పెయింటింగులు ఒకేచోట ఇన్ని ఇంకెక్కడా లేవు, పన్నెండు ఉన్నాయి. కొత్తలో ఇంటి మీద బెంగ పుట్టినప్పుడల్లా ఆ గదికి వెళ్లి కూర్చునేవాణ్ని, ఎందుకో అక్కడ మన ఊరి పెళ్లి పందిట్లో కూర్చున్నట్టు ఉండేది.

ఫోన్‌లో తెలియనివి కొన్ని చెబుతాను. బొమ్మ ఓక్ చెక్క మీద వేసింది, 114 సెంటీమీటర్ల ఎత్తు, 164 సెంటీమీటర్ల వెడల్పు, 1567 ప్రాంతం. పక్కనే ఉండే 'రైతుల నాట్యం' కూడా దాదాపు అదే సైజు. విందు జరిగేది ధాన్యం కొట్టంలో. వెనక గోడలా కనిపించేది గోడ కాదు, ఎత్తుగా పేర్చిన పంట. దానికి రెండు కంకుల కట్టలు తగిలించి ఉన్నాయి, అంటే కోతలు అయిపోయాయి, గింజ ఇంటికొచ్చింది, ఇప్పుడు పెళ్లి. మనకూ అంతే కదా. గిన్నెల్లో ఉన్నది జావ లాంటిది, నాకైతే మా నాన్నమ్మ పోసే చోడి అంబలి గుర్తొస్తుంది. మాంసం లేదు. కాబట్టి తిండిపోతుతనం గురించి వేసిన బొమ్మ అన్న మాట నాకు అసలు ఎక్కదు, జావ తాగితే తిండిపోతులా?

పెళ్లికూతురు ఆకుపచ్చ గుడ్డ ముందు కూర్చుంది, తలపైన కాగితం కిరీటం వేలాడుతోంది. చేతులు ముడుచుకుని, కళ్లు వాల్చి, ఏమీ తినకుండా. ఆ రోజు ఆమె తినకూడదు, పని చేయకూడదు అన్న ఆచారం వాళ్లకు ఉండేదని చెబుతారు. మన ఇళ్లలో ముహూర్తం దాటేదాకా పెళ్లికూతురిని ఖాళీ కడుపుతో కూర్చోబెడతారు కదా, ఆ ముఖం నాకు బాగా తెలుసు, మా అక్క పెళ్లిలో చూశాను. పెళ్లికొడుకు ఎవరన్నది మాత్రం ఇప్పటికీ తేలలేదు. కొందరు బీరు పోసేవాడంటారు, కొందరు గిన్నెలు అందించేవాడంటారు. వడ్డించేవాళ్ల దగ్గర కాళ్లు లెక్కపెట్టండి, ఒకటి ఎక్కువ కనిపిస్తుంది. అది గిన్నెలు అందించేవాడి కాలని కొందరి మాట. నేను ఎన్నిసార్లు లెక్కపెట్టినా తేల్చుకోలేకపోయాను.

ఇంకొక్క సంగతి, దీన్ని ఎవరూ పెద్దగా చెప్పరు, కాలం చూడండి. 1566లో ప్రొటెస్టెంట్లు చర్చిల్లో విగ్రహాలు పగలగొట్టారు, ఆ మరుసటి ఏడే, ఆ ప్రాంతాన్ని ఏలుతున్న స్పెయిన్ రాజు పంపిన ఆల్బా డ్యూక్ సైన్యంతో బ్రస్సెల్స్‌లో దిగాడు, మరణశిక్షలు మొదలయ్యాయి. బ్రూగెల్ అప్పుడు బ్రస్సెల్స్‌లోనే ఉన్నాడు. చనిపోయే ముందు కొన్ని గీతలు భార్య చేత తగలబెట్టించాడని వాన్ మాండర్ రాశాడు, ఆమె మీదికి ఏమైనా వస్తుందేమోనని. అంత భయం మధ్యలో కూర్చుని పల్లెలో పెళ్లి భోజనం వేశాడు. నేను ఆ బెంచీ మీద కూర్చున్నప్పుడు ఆలోచించేది ఇదే.

వంశధార ఒడ్డు (గుణుపురం):

అందరూ బ్రూగెల్ వైపే మాట్లాడుతున్నారు, నేను మావయ్యగారి వైపు మాట్లాడతాను.

మాస్టారూ, మీరు చెప్పినవన్నీ నిజమే కావచ్చు, కానీ ఆ బొమ్మలు ఎవరింటికి వెళ్లాయో మీరు చెప్పలేదు. ఆంట్వెర్ప్‌లో నికొలాస్ యోంగెలింక్ అనే ధనవంతుడి దగ్గర ఒక్కడి దగ్గరే 1566 నాటికి 16 బ్రూగెల్ బొమ్మలు ఉన్నాయి. అందులో గిన్నెలు మోసినవాడి ఇంటికి ఒక్క బొమ్మ వెళ్లి ఉంటుందా? తన ముఖం అలా వేశారని వాడికి తెలిసే ఉంటుందా? చూసేవాడు ఒకడు, చూడబడేవాడు ఇంకొకడు అయినప్పుడు గీసినవాడి మనసులో ఎంత ప్రేమ ఉన్నా సరిపోదు.

తర్వాతి తరాల్లో ఇది ఇంకా బయటపడింది. 1630లలో రూబెన్స్ వేసిన కెర్మిస్ పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది, అందులో జనం ఒకరి మీద ఒకరు పడి, తాగి, ముద్దులాడుతూ సుడిగుండంలా తిరుగుతారు, రంగులు అద్భుతం, కానీ ఒక్క ముఖమైనా గుర్తుండదు. డేవిడ్ టెనియర్స్‌ను చూడండి, బ్రూగెల్ మనవరాలు అన్నాను 1637లో పెళ్లి చేసుకున్నవాడు, తర్వాత బ్రస్సెల్స్‌లో ఆర్చ్‌డ్యూక్ లియోపోల్డ్ విల్హెల్మ్ కొలువులో చిత్రకారుడయ్యాడు. ఆయన పండగ బొమ్మలు కొన్నింట్లో ఒక పక్కన పట్టుబట్టల్లో పెద్దింటివాళ్లు నిలబడి ఉంటారు, పల్లెవాళ్ల చిందులు చూడటానికి వచ్చినవాళ్లు. అక్కడికి వచ్చేసరికి రైతు పండగ రైతుది కాకుండా పోయింది.

మా గుణుపురం చుట్టూ కొండల మీద సవరల ఇళ్లలో గోడ బొమ్మలు చూసే ఉంటారు, ఇడితాల్. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో తెల్లగా వేస్తారు. అందులోనూ డప్పులు, కొమ్ములు, వరసగా చిందులేసేవాళ్లు, మొత్తం పండగే. కానీ అది చనిపోయిన పెద్దల కోసం, దేవతల కోసం వేసే బొమ్మ, వేసేవాడు చూసేవాడు ఒక్క ఊరివాళ్లే. ఎవరికీ ముఖం ఉండదు, అందుకే అందులో ఎవరూ చిన్నబోరు. ఇప్పుడు వాటిని చీరల మీద, హోటల్ గోడల మీద వేస్తున్నారు, అది వేరే బాధ.

తమ్ముడు వేసిన గోడ హోటల్‌ది కాదు, వాళ్ల ఊరిదే. బ్రూగెల్‌కు లేని అవకాశం తమ్ముడికి ఉంది, బొమ్మలో ఉన్న మనిషి పక్క వీధిలోనే ఉన్నాడు. మాకు రాసే బదులు వెళ్లి ఆయన్నే అడగచ్చు కదా? "అక్కడ కూర్చోబెట్టాడు" అన్నాడని రాశావు. వెటకారం చేశాడని అన్నాడా? ఆ మాట నీ ఫ్రెండ్‌ది. రెండూ కలిపేసుకుని బాధపడుతున్నావేమో చూడు.

డ్రాయింగ్ మాస్టారు (బరంపురం):

అమ్మా, టెనియర్స్ గురించి మీరన్నది ఒప్పుకుంటాను. బ్రూగెల్ పెళ్లి బొమ్మలోనూ కుడి చివర ఒక పెద్దమనిషి కత్తి పెట్టుకుని కూర్చున్నాడు, సన్యాసితో మాట్లాడుతున్నాడు. కాకపోతే అతను నిలబడి వినోదం చూడటం లేదు, వచ్చి కూర్చున్నాడు, బల్ల కింద కుక్క ఎలా ఉందో అతనూ అలాగే ఉన్నాడు. ఆ తేడా నాకు పెద్దదిగా కనిపిస్తుంది. బొమ్మలో ఉన్నవాళ్లకు ఆ బొమ్మ అందలేదన్న మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు.

సన్నాయి ఇల్లు (పర్లాకిమిడి):

మాది మూడు తరాలుగా సన్నాయి వాయించే ఇల్లు. పెద్దపెద్ద విషయాలు నాకు తెలియవు, ఆ పెళ్లి బొమ్మ ఫోన్‌లో తెరిచి చూసి రాస్తున్నాను. అందులో ఇద్దరు వాయించేవాళ్లు ఉన్నారు, వాళ్ల వాయిద్యం మన తిత్తి లాంటిదే, వీధి నాటకాల్లో శ్రుతికి పట్టేవాళ్లు చూడండి, మేకతోలు సంచి. వాళ్లది పాట కూడా పలికేలా ఉంది. ఒకతను వాయించడం ఆపి గిన్నెల వైపు చూస్తున్నాడు. గడ్డం పెరిగింది, ముఖం పీక్కుపోయింది. పొద్దున్నుంచి వాయిస్తున్నాడు, ఇంకా ఎవరూ తినమనలేదు. అన్నయ్యా, ఆ చూపు ఎవరూ కల్పించి వేయలేరు. మా నాన్న చూపు అది. నాలుగు వందల ఏళ్ల కిందట ఎవరో దాన్ని పట్టించుకున్నారని తెలిసి ఇందాకటి నుంచి ఏదోలా ఉంది. మీరు డప్పులవాళ్లను చెట్టు కింద నిద్రపోతున్నట్టు వేశానన్నారు, వాళ్లు తిన్నాక పడుకున్నారా, తినకుండానే పడుకున్నారా? వేసేటప్పుడు ఆలోచించారా?

మహేంద్రగిరి నీడ (పర్లాకిమిడి):

అందరికీ దండాలు. రెండు రోజులు జవాబు రాయలేకపోయాను.

గుణుపురం అక్క చెప్పినట్టు మావయ్య ఇంటికి వెళ్లాను. టెన్షన్‌తో గుమ్మంలోనే నిలబడిపోతే అత్త లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చింది. కాసేపటికి నేనే అడిగేశాను, చెంప అలా వేసినందుకు కోపమొచ్చిందా మావయ్యా అని. ఆయన నా వైపు తిరిగి "చెంప ఎలా ఉంటే ఏంట్రా, నా చెంప అలాగే ఉంటుంది. నన్ను మొదటి బంతిలో కూర్చోబెట్టావు" అన్నాడు.

అప్పుడుగాని నాకు తట్టలేదు. నలభై ఏళ్లుగా మా ఊరి పండగ వంట, వడ్డన ఆయన చేతి మీదే. పొరుగూళ్ల నుంచి వచ్చినవాళ్లు, చుట్టాలు, పిల్లలు, వంటవాళ్లు అందరూ లేచాక, సాయంత్రం నాలుగు దాటాక ఆఖరి బంతిలో తింటాడు, ఒక్కోసారి పులుసు అయిపోయి చారుతో సరిపెట్టుకుంటాడు. నేను పక్కన కూర్చుని తిన్నానని రాశానే, అది ఆ ఆఖరి బంతే. ఇంటికొచ్చినవాళ్ల కంటే ముందు కూర్చుని తింటున్నట్టు ఊరి గోడ మీద వేశాను, ఆయన జీవితంలో ఒక్కసారి కూడా చేయని పని. మధ్యలో ఉంటే బాగుంటుందని కూర్చోబెట్టాను, అంతే, అంతకు మించి ఆలోచించలేదు. మాస్టారూ, బంతిలో కూర్చుని తిన్నవాడికే తెలిసేవి అన్నారు మీరు. నేను తిన్నాను, నాకూ తెలియాలి.

నిన్న ఆ చోట సున్నం కొట్టాను. ఆయన ఉన్న జాగాలో పాటపట్నం నుంచి వచ్చే చుట్టాలాయన్ని వేస్తాను. మావయ్యను ఇంకోసారి వేయడానికి గోడకి కుడి చివర జాగా ఉంది, కాగుల పక్కన, ఎండ వాలుతున్నప్పుడు, ఆకులు ఎత్తేశాక, అదే చెంపతో. అడిగాను, అలాగైతే వెయ్యి అన్నాడు. పక్కన ఇంకో ఆకు వేసి దాని ముందు గుంటడిని కూర్చోబెట్టమన్నాడు, ఎవరినో చెప్పలేదు.

సన్నాయి తమ్ముడూ, నువ్వు అడిగింది మావయ్యను అడిగాను. డప్పులవాళ్లు కూడా ఆయనతో పాటు ఆఖరి బంతిలోనే తింటారట. అంటే నేను వేసిన సమయానికి వాళ్లు తినలేదు, ఆకలితోనే పడుకున్నారు. వాళ్లను అలాగే ఉంచి, ఒకతన్ని మాత్రం లేపి కూర్చోబెడతాను, కాగుల వైపు చూస్తున్నట్టు. మీ నాన్నగారి ఫొటో ఒకటి పంపగలవా, ఆయన్ని అడిగాకే పంపు.

సున్నం ఇంకా తడిగానే ఉంది, మబ్బు పట్టింది. రేపు ఎండ వస్తే మొదలుపెడతాను.